పని పోయినవారి పక్షాన నిలిచిన బరంపురం గిరి

మిల్లు మనుషులను తగ్గించినప్పుడు, కంపెనీ వాటా ముగిసిందని చెప్పి పంపివేసినప్పుడు, చేతికి వచ్చే సొమ్ము లెక్కలో ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం అనే మాట ఒకటి వినబడుతుంది. సరిహద్దు గ్రామాల నుండి పనులకు వెళ్లిన కుటుంబాలలో చాలామందికి అది పరిచితమైన మాటే. అయితే ఆ లెక్కను మన దేశపు చట్టంలోకి తెచ్చిన కాలంలో కేంద్ర కార్మిక శాఖ మంత్రి మన సరిహద్దు ప్రాంతపు మనిషేనన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. ఆయనే వరాహగిరి వెంకటగిరి. దేశం ఆయనను నాలుగవ రాష్ట్రపతిగా గుర్తుంచుకున్నది. ఆ పదవి ఆయన జీవితంలో చివరి అంకం మాత్రమే. అంతకు ముందు యాభై ఏళ్లు ఆయనను వెంటాడిన ప్రశ్న వేరే ఉన్నది. తన తప్పు లేకుండా పని పోగొట్టుకున్న మనిషికి ఎవరు, ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలి అన్నదే ఆ ప్రశ్న.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆనాడు బరంపురం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ పట్టణం అటు చేరింది. ఒకే మనిషి పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, ఓట్లు అడిగిన ఊళ్లు మరొక రాష్ట్రంలో ఉండడం మనకు కొత్త కాదు గాని, దేశాధ్యక్షుని జీవితంలో కూడ ఆ గీత ఉన్నదని చెప్పుకోవడం మన పాఠకులకు ముచ్చటగానే ఉంటుంది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది, కాంగ్రెసు వాది. తల్లి సుభద్రమ్మ కూడ జాతీయోద్యమంలో పాల్గొని, మద్యనిషేధం కోసం జరిగిన ఆందోళనలో అరెస్టు అయ్యారు. కుమారుడు బరంపురంలోని ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రం కోసం ఐర్లండు రాజధాని డబ్లినుకు వెళ్లారు.

వెళ్లిన సంవత్సరమే గమనించదగినది. బ్రిటన్ ప్రభుత్వం 1911లో జాతీయ బీమా చట్టం చేసింది. దాని రెండవ భాగం ప్రపంచంలోనే మొదటిసారి ఒక దేశమంతటికీ వర్తించే నిర్బంధ నిరుద్యోగ బీమాను ఏర్పరచింది. ఐర్లండు కూడ ఆనాడు బ్రిటన్ ఏలుబడిలోనిదే కనుక అక్కడా అది వర్తించింది. కార్మికుడు కొంత, యజమాని కొంత, ప్రభుత్వం కొంత ఒక నిధిలో వేస్తారు. పని పోయినప్పుడు కార్మికునికి వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో గరిష్ఠంగా 15 వారాలు చెల్లిస్తారు. ఆ చెల్లింపులు మొదలైనది 1913 జనవరిలోనే. భవన నిర్మాణం, ఓడల తయారీ, ఇంజనీరింగు వంటి కొన్ని వృత్తులకు మాత్రమే అది పరిమితం. పైగా సమ్మె వల్లనో, లాకౌట్ వల్లనో పని ఆగినవారికి అది వర్తించదు.

ఆ నియమం ఎంత కఠినమైనదో డబ్లిను నగరం అదే ఏడాది ఆగస్టు నుండి చూసింది. జేమ్స్ లార్కిన్ నడిపిన కార్మిక సంఘంలో సభ్యులుగా ఉండబోమని సంతకం పెట్టని వారిని యజమానులు బయటకు నెట్టారు. సుమారు 20 వేల మంది ట్రాము, రేవు, గిడ్డంగి పనివారు, వారి కుటుంబాలు 1914 ఆరంభం వరకు తిండికి అలమటించారు. బ్రిటిష్ కార్మిక సంఘాలు ఓడలో ఆహారం పంపవలసి వచ్చింది. బీమా అనేది ఉన్నా అత్యవసరమైన వేళ అందరికీ అందదని, సంఘబలం లేని బీమా కాగితమేనని చెప్పడానికి ఇంతకంటె పెద్ద పాఠం వేరే అక్కరలేదు. పంతొమ్మిదేళ్ల గిరి ఆ వీధులలోని విద్యార్థి.

ఐరిష్ స్వాతంత్ర్య వాదులతో ఆయనకు పరిచయాలు కలిగాయి. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధలపై తోటి భారతీయ విద్యార్థులతో కలిసి ఒక చిన్న పుస్తకం ప్రచురించగా, అది పోలీసుల చేతిలో పడి వారందరిపైన నిఘా పెరిగింది. 1916 ఏప్రిల్‌లో డబ్లినులో జరిగిన ఈస్టరు తిరుగుబాటు తరువాత ఆయనను కూడ అనుమానించి, దేశం విడిచి వెళ్లవలసిందిగా నోటీసు ఇచ్చారు. అప్పటికి బారిస్టరు పట్టా చేతికి వచ్చింది. ఆ ఏడాదే బరంపురం తిరిగి వచ్చి న్యాయవాద వృత్తి ప్రారంభించారు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చినప్పుడు 1920లో ఆ వృత్తిని వదిలారు. మద్యం దుకాణాల ముందు ఆందోళన చేసి 1922లో మొదటిసారి జైలుకు వెళ్లారు.

ఇక్కడి నుండి ఆయన జీవితం రైలు పట్టాల వెంట నడిచింది. వాల్తేరు నుండి బరంపురం, కటకం మీదుగా కలకత్తా వైపు వెళ్లే మార్గం ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు ఆ వర్క్‌షాపు పనికి తరలివెళ్లాయి. నేటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు వినబడుతున్నదంటే కారణం ఆ వలసే. ఊరిలో పొలం లేదు, ఉన్నా నీరు లేదు, రైల్వేలో ఫిట్టరో ఖలాసీయో అయితే నెల జీతం. ఆ నమ్మకంతో వెళ్లినవారు. గిరి ఆ రైల్వే కార్మికుల సంఘ నాయకత్వం చేపట్టారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

ఆ కాలంలోనే కంపెనీ ఖర్చు తగ్గించుకొనే పేరుతో ఖరగ్‌పూర్ కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించింది. ఇంగ్లీషులో రిట్రెంచ్‌మెంట్ అన్నారు, మన వాళ్లు ఉద్వాసన అన్నారు. దేవుని విగ్రహాన్ని సాగనంపే మాటను మనిషిని పనిలో నుండి సాగనంపడానికి వాడుకున్న భాష మనది. తొలగింపుకు ముందు నోటీసు గడువు ఎంత, చేతికి ఏమి ఇవ్వాలి, ఎవరిని ముందు తీయాలి, ఎవరిని ఆఖరున తీయాలి అన్న వాటికి చట్టమేదీ లేదు. కంపెనీ దయ, ఫోర్‌మన్ ఇష్టం. తొలగించినవారి హక్కుల కోసం 1927, 1928 సంవత్సరాలలో సాగిన పోరాటాన్ని గిరి శాంతియుతంగా నడిపించారు. తలవంచని యాజమాన్యమూ ప్రభుత్వమూ కార్మికుల డిమాండ్లకు దిగిరాక తప్పలేదు. భారత కార్మికోద్యమ చరిత్రలో ఆ సమ్మెను ఒక మైలురాయిగా పరిగణిస్తారు. గిరి దృష్టిలో దాని విలువ గెలుపు కంటె మరొక దానిలో ఉన్నదని చెప్పవచ్చు. పనిలో ఉన్నవారు పని పోయినవారి కోసం సమ్మె చేశారు. తన జీతం కోసం కాక పక్కవాని కోసం సాధనం దించి బయటకు రావడం తేలిక విషయం కాదు.

ఆనాటికి నిరుద్యోగ బీమా మాట ఇండియాలో వినబడలేదని కాదు. 1929లో నియమితమైన రాయల్ కమిషన్ కార్మికుల స్థితిగతులు పరిశీలించి 1931లో నివేదిక ఇచ్చింది. దేశవ్యాప్త నిరుద్యోగ బీమా ఈ దేశంలో ఆచరణ సాధ్యం కాదని అది తేల్చింది. కార్మికులు ఊరికీ ఫ్యాక్టరీకీ మధ్య తిరుగుతుంటారు, లెక్క పెట్టడం కష్టం, పని లేనప్పుడు పల్లె వారిని భరిస్తుంది అన్నది ఆనాటి పాలకులలో ఉన్న సాధారణ అభిప్రాయం. పల్లె భరించలేకనే కదా వారు ఖరగ్‌పూర్ వెళ్లినది! నాలుగేళ్ల తరువాత, 1935లో, అమెరికా సామాజిక భద్రతా చట్టం చేసి నిరుద్యోగ బీమాను రాష్ట్రాల చేతిలో పెట్టింది. యజమానులపై కేంద్రం పన్ను వేస్తుంది, రాష్ట్రం సొంత బీమా పథకం పెట్టుకుంటే ఆ పన్నులో అధిక భాగం మినహాయింపు లభిస్తుంది. అందువల్ల కొద్ది కాలంలోనే అన్ని రాష్ట్రాలూ పథకాలు పెట్టుకున్నాయి. మన దేశంలో అటువంటి కిటుకు ఎవరూ పెట్టలేదు.

గిరి రెండవ రౌండు టేబులు సమావేశానికి 1931లో కార్మికుల ప్రతినిధిగా లండను వెళ్లారు. కేంద్ర శాసనసభలో కొంత కాలం సభ్యులుగా ఉన్నారు. 1937 ఎన్నికలలో బొబ్బిలిలో సాక్షాత్తు బొబ్బిలి రాజాను ఓడించారు. ఆ రాజా అప్పటికి మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న జస్టిస్ పార్టీ నాయకుడు, అదీ ఆయన సొంత గడ్డ మీద. ఆ గెలుపు తెలుగు పల్లెలలో చాలా కాలం కథలుగా చెప్పుకున్నారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రిగా 1939 వరకు, తిరిగి 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా పనిచేశారు. మధ్యలో రెండు దఫాలు జైలు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1951 వరకు సిలోనులో భారత హైకమిషనరు.

మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఆయన నిలబడినది పాతపట్నం లోక్‌సభ స్థానంలో. పర్లాకిమిడికి ఆనుకొని, మహేంద్రతనయ ఒడ్డున, రెండు భాషలూ రెండు రాష్ట్రాలూ కలిసే చోటు. అక్కడ గెలిచి 1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. పదవిలో ఉన్నది రెండేళ్లకు కొంచెం ఎక్కువ. ఆయన జీవితంలో నేటి మనకు పనికివచ్చే భాగమంతా ఆ రెండేళ్లలోనే ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1953లో బట్టల మిల్లులలో సరుకు అమ్ముడుపోక గుట్టలుగా పేరుకుపోయింది. కొంతకాలం పని ఆపి కార్మికులను ఇంటికి పంపుతామని యాజమాన్యాలు చెప్పసాగాయి. దీనినే లేఆఫ్ అంటారు. పనిలో నుండి తీసివేసినట్లూ కాదు, పని ఉన్నట్లూ కాదు. హాజరు పట్టీలో పేరుంటుంది, జీతం ఉండదు. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కూర్చున్న త్రైపాక్షిక సంఘంలో దీనిపై చర్చ జరిగి పరిహారం ఇవ్వాలన్న సూత్రంపై అంగీకారం కుదిరింది. పార్లమెంటు సమావేశం దాకా ఆగకుండా 1953 అక్టోబరు 24న ఆర్డినెన్సు తెచ్చారు. ఆ తరువాత అది పారిశ్రామిక వివాదాల చట్టంలో ఐదవ-ఎ అధ్యాయమైంది.

దానిలోని నియమాలు సూటిగా ఉన్నాయి. 50 మంది లేక అంతకు మించి పనిచేసే కర్మాగారంలో, ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుని లేఆఫ్ చేస్తే, మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం చెల్లించాలి. పన్నెండు నెలలలో 45 రోజుల వరకు ఇది వర్తిస్తుంది. శాశ్వతంగా తొలగిస్తే నెల రోజుల నోటీసు, లేదా నోటీసుకు బదులు నెల జీతం, దానిపైన పూర్తి చేసిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం. తొలగింపులో ఆఖరున చేరినవాడు ముందు వెళ్లాలి. తిరిగి మనుషులు కావలసి వచ్చినప్పుడు తొలగించినవారికే మొదటి అవకాశం ఇవ్వాలి. ఖరగ్‌పూర్‌లో పాతికేళ్ల కిందట ఫోర్‌మన్ ఇష్టంగా ఉన్న సంగతులు ఒక్కొక్కటీ ఈ వాక్యాలలో నియమాలుగా మారడం చూడవచ్చు.

ఇది నిరుద్యోగ బీమా కాదు. ఈ తేడా గ్రహించడం అవసరం. బీమాలో అందరూ వేసిన నిధి ఒకటి ఉంటుంది. యజమాని దివాలా తీసినా నిధి చెల్లిస్తుంది. పని దొరికే దాకా వారం వారం వస్తుంది. పరిహారంలో భారమంతా ఒక్క యజమానిపైన. అతడు ఇవ్వలేకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి. సొమ్ము ఒకేసారి వస్తుంది, ఒక పెళ్లితోనో ఒక అప్పుతోనో కరిగిపోతుంది. గిరి పెద్దదానిని సాధించలేక చిన్నదానితో సరిపెట్టుకున్నారని విమర్శించవచ్చు. కాని రాజ్యాంగం 41వ అధికరణంలో నిరుద్యోగులకు సహాయం చేయమని రాజ్యానికి చెప్పినప్పటికీ, ఆర్థిక శక్తి మేరకు అన్న షరతును అక్కడే తగిలించింది. ఖజానా వైపు చూస్తూ కూర్చుంటే ఆ 15 రోజుల జీతం కూడ వచ్చి ఉండేది కాదు.

చట్టంలో సందులు వెంటనే బయటపడ్డాయి. షోలాపూరు ప్రాంతపు మన చేనేత కుటుంబాలకు తెలిసిన బార్శీ లైట్ రైల్వే అనే చిన్న రైలు కంపెనీని 1954 జనవరిలో ప్రభుత్వం తీసుకొన్నది. పాత కంపెనీ తన కార్మికులందరి సర్వీసునూ ముగించింది. వ్యాపారమే మూతపడినప్పుడు లేక చేతులు మారినప్పుడు దానిని రిట్రెంచ్‌మెంట్ అనలేమని 1956లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే కొందరిని తీసివేస్తే పరిహారం ఉన్నది, అందరినీ తీసివేస్తే లేదు. 1957లో చట్టం సవరించి ఆ సందు పూడ్చవలసి వచ్చింది. బదిలీ కార్మికులు, దినకూలీలు లేఆఫ్ పరిహారంలో మొదటి నుండీ లేరు. ఏడాదిలో 240 రోజులు పని చేస్తే నిరంతర సర్వీసుగా లెక్కించాలని చట్టం చెప్పగా, 240 నిండక ముందే మనిషిని మార్చే అలవాటు కొందరు యజమానులకు పట్టుబడింది. కాంట్రాక్టరు కింద మేస్త్రీ వెంట వెళ్లే మన యువకులకు ఆ సంఖ్య నేటికీ బాగా తెలుసు.

పని పోయినవానికి డబ్బు ఒక్కటే ఇస్తే చాలదు, వేరే పని చేతికి రావాలి, ఆ పని నేర్పాలి. ఈ రెండవ సంగతి కూడ గిరి శాఖ పరిధిలోనిదే. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు వస్తున్న 1945లో ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. 1948లో వాటి తలుపులు అందరికీ తెరిచారు. 1950లో చేతిపనుల శిక్షణ పథకం మొదలైంది. మనం నేడు ఐటీఐ అని పిలిచే సంస్థలకు అది పునాది. అయితే ఇదంతా ఢిల్లీ నుండి నడుస్తుండేది. కొనసాగించాలా, ఎవరు నడపాలి, ఖర్చు ఎవరిది అని తేల్చడానికి 1952లో, గిరి మంత్రిగా ఉండగా, బి. శివరావు అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. శివరావు కూడ మద్రాసు కార్మిక సంఘాలలో పనిచేసి వచ్చినవారే. 1954లో వచ్చిన నివేదిక ఈ సేవలు శాశ్వతంగా ఉండాలని, రోజువారీ నిర్వహణను రాష్ట్రాలకు అప్పగించాలని సూచించింది. 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన దినమే, అది అమలులోకి వచ్చింది. ఖర్చులో నూటికి 60 వంతులు కేంద్రం భరించేది. 1969 ఏప్రిల్ నుండి ఆ వాటా ఆగిపోయి భారమంతా రాష్ట్రాలపై పడింది.

ఆనాటి నుండి ఐటీఐలో యంత్రాలు ఎన్ని, బోధకులు ఎందరు అన్నది ప్రధానంగా ఆయా రాష్ట్రాల ఖజానాను బట్టి ఉంటూ వచ్చింది. సరిహద్దు కుటుంబాలకు దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఇంటి నుండి నాలుగు మైళ్ల దూరంలో పక్క రాష్ట్రపు ఐటీఐ ఉన్నా, స్థానికత పత్రం వేరు, బోధన భాష వేరు, పేరు నమోదైన ఎక్స్ఛేంజీ వేరు. శివరావు సంఘం అధికారాన్ని జనానికి దగ్గరగా తేవాలని భావించింది. రాష్ట్రం అంచున ఉన్నవారికి రాజధాని కూడ దూరమేనన్నది ఆ నివేదిక అంచనాలో లేని విషయం.

మంత్రిగా గిరి పట్టుదలంతా మరొక చోట ఉండేది. కార్మికులూ యజమానులూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడి ఒప్పందానికి రావాలి గాని, ప్రభుత్వం మధ్యలో దూరి ప్రతి తగాదానూ ట్రిబ్యునలుకు పంపరాదని ఆయన వాదన. 1952లో నైనీతాల్‌లో జరిగిన కార్మిక మహాసభలో దీనిని గట్టిగా ముందుకు తెచ్చారు. గిరి విధానం అన్న పేరు దానికి అప్పుడే వచ్చింది. యజమానులు ఒప్పుకోలేదు. బలహీనమైన సంఘాలు సైతం ట్రిబ్యునలే మేలన్నాయి. మంత్రివర్గంలోని సహచరులకూ నచ్చలేదు. ఖరగ్‌పూర్ వంటి బలమైన సంఘాన్ని నడిపిన మనిషికి బేరం మీద నమ్మకం సహజమే. యాభై మంది పనిచేసే జీడిపప్పు కర్మాగారంలోనో నూనె మిల్లులోనో ఆ బలం ఎక్కడిది? ఈ విషయంలో ఆయన ప్రత్యర్థుల వాదనకు కూడ తగిన బరువు ఉన్నదనే అనిపిస్తుంది.

విచిత్రమేమంటే, ట్రిబ్యునళ్లను ఇష్టపడని ఆ మంత్రి ఒక ట్రిబ్యునలు తీర్పును నిలబెట్టడానికే పదవి వదులుకున్నారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునలు 1954లో ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా మార్చింది. వివాదాన్ని ట్రిబ్యునలుకు పంపి, తీర్పు వచ్చిన తరువాత నచ్చలేదని మార్చడం మాట తప్పడమేనని గిరి భావించారు. ఆ ఏడాదే రాజీనామా చేశారు. ఆ తరువాత ప్రభుత్వం కమిషన్ వేసి, 1955లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

1957 ఎన్నికలలో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు. షెడ్యూల్డు తెగల అభ్యర్థులు ఇద్దరూ గెలిచారు. ఒకరు రిజర్వు స్థానంలో, మరొకరు జనరలు స్థానంలో. అది చెల్లదని ఆయన వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1959లో వీగిపోయింది. గిరిజనుడు జనరలు స్థానానికి కూడ అర్హుడేనని స్థిరపరచిన తీర్పు అది. ఓడినవాని పేరుతోనే న్యాయశాస్త్రంలో నిలిచిపోయింది. ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967 నుండి ఉపరాష్ట్రపతిగా ఉన్నారు.

1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేశారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకు గుమాస్తాల జీతం కోసం మంత్రి పదవి వదిలిన చేతితోనే ఆ సంతకం జరిగింది. మరునాడు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. కాంగ్రెసు అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువారే. రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపు దాకా వెళ్లిన ఆ పోటీలో గెలిచి ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం చేశారు. ఎన్నికపై కేసు పడగా, పదవిలో ఉన్న రాష్ట్రపతి అయి ఉండి 1970లో సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ ఏడాదే నిరుద్యోగ సమస్యపై ఇంగ్లీషులో ఆయన రాసిన పుస్తకం వెలువడింది. ఇంటింటా కుటీర పరిశ్రమ, బీడు భూములలో సేద్యం, పశుపోషణ, పల్లెలోనే పని అన్నవి అందులోని ఆలోచనలు. ఫ్యాక్టరీ కార్మికుల నాయకుడు ముసలితనంలో పల్లె వైపు తిరిగారు. ఖరగ్‌పూర్‌కు వెళ్లవలసిన అవసరం లేకుండా చేయడమే అసలు మందు అని తోచి ఉండవచ్చు.

ఆయన జీవితంలో మింగుడుపడని ఘట్టం 1974 మే నెలది. ఏ ఫెడరేషన్‌ను ఆయన స్థాపకులలో ఒకరై నిలబెట్టారో అదే ఫెడరేషన్ జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశవ్యాప్త రైల్వే సమ్మెకు దిగింది. మే 8 నుండి 27 వరకు సాగిన ఆ సమ్మెను ప్రభుత్వం వేలాది అరెస్టులతో, ఉద్యోగాల తొలగింపులతో అణచివేసింది. రైల్వే కాలనీలలో కుటుంబాలను క్వార్టర్ల నుండి వెళ్లగొట్టారు. ఆ సమయంలో రాష్ట్రపతి భవనంలో ఉన్నది గిరి. రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గ సలహా మేరకే నడవాలి, నిజమే. అయినా 1954లో రాజీనామా చేయగలిగిన మనిషి 1974లో ఆ పని చేయలేదు. రెండింటికీ నడుమ ఇరవై ఏళ్ల వయస్సు, పదవుల బరువు ఉన్నాయి. ఖరగ్‌పూర్ పాత కార్మికుల పిల్లలు ఆ మే నెలలో ఏమనుకొని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

అదే ఏడాది ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. భార్య సరస్వతీబాయి, పద్నాలుగురు సంతానం. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఆయన మరణించిన పాతికేళ్లకు, 2005 ఏప్రిల్‌లో, ఈఎస్ఐ సభ్యులుగా ఉండి పని పోగొట్టుకున్న కార్మికులకు నిరుద్యోగ భృతి పథకం మొదలైంది. నూతన వృత్తి శిక్షణకు అయ్యే ఖర్చు కూడ అందులో చేర్చారు. 2018లో మూడు నెలల భృతితో మరొక పథకం వచ్చింది. వేతనంలో 25 శాతంగా ఉన్న ఆ భృతిని కరోనా కాలంలో, 2020లో, 50 శాతానికి పెంచారు. ఈ రెండూ ఈఎస్ఐ కార్డు ఉన్నవారికే. 2020లోనే పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కొత్తగా ఒక నిధిని చేర్చారు. తొలగించిన ప్రతి కార్మికునికీ, మామూలు పరిహారం కాక, అతని ఆఖరు వేతనంలో 15 రోజుల మొత్తాన్ని యజమాని ఆ నిధికి జమ చేయాలి. కొత్త పని నేర్చుకొనేందుకు ఆ సొమ్ము 45 రోజులలో కార్మికుని ఖాతాలో పడాలి. 1953లో కుదిరిన పదిహేను రోజుల కొలతే ఈ నిధికీ కొలత అయింది. అయితే ఆనాడు ఆ పదిహేను రోజులు ఏడాది సర్వీసుకు చొప్పున. శిక్షణ కోసం మాత్రం, సర్వీసు ఎన్నేళ్లయినా, మొత్తానికి పదిహేను రోజులే.